వెతికి చెప్పిన ‘లేదు’

మిట్టవీధి వాల్వు విరిగిందన్న కబురు వచ్చేసరికి ప్రశ్నలమ్మ చేతిసంచి ఇంకా బల్ల మీద పెట్టనైనా లేదు.

“తిప్పుతూ ఉంటే కడ్డీ పుటుక్కున తెగిందమ్మా,” అన్నాడు ఫోన్లో జట్టు మేస్త్రీ. “బిగుసుకుపోయిందేమో అనుకుని వాల్వు తిప్పే తాళానికి పైపు తొడిగి ఇద్దరం కలిసి తోశాం. అంతే. ఇప్పుడది మూసుకోదు, తెరుచుకోదు.”

“ఎటు తిప్పారు?”

“ఎటేంటమ్మా, ఎప్పట్లాగే కుడికి.”

ప్రశ్నలమ్మకి సంగతి అర్థమైపోయింది. ఊళ్లో వాల్వులు దాదాపు అన్నీ కుడికి తిప్పితే మూసుకుంటాయి. ఎప్పుడో పాతకాలంలో ఎవరో ఎక్కణ్ణుంచో తెప్పించి పాతిన కొన్ని మాత్రం ఎడమకి తిప్పితేనే మూసుకుంటాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అలాంటిదాన్ని కుడికి తిప్పడమంటే, అప్పటికే బార్లా తెరిచి ఉన్న తలుపుని ఇంకా తెరుచుకోమని పీకడమే. తిప్పేవాడు ఎంత బలవంతుడైతే అంత తొందరగా విరుగుతుంది. నీటి సరఫరా ఆఫీసులో ఫోన్లెత్తే మనిషికి ఇవన్నీ తెలియాల్సిన పనిలేదు. కానీ ఆ వాల్వులు తిప్పుతూనే జుట్టు నెరిసినవాడు ఆమె సొంత మేనమామ. పైగా కనిపించినవాణ్ణల్లా “ఇదెందుకు, అదెలా” అని ప్రాణం తోడే అలవాటు ఆమెది. ఆఫీసులో ఆ పేరు ఊరికే రాలేదు.

“తిప్పేముందు పెద్దాయన్ని అడగలేదా?”

“అడక్కపోవడమేంటమ్మా! దీన్ని మూసేటప్పుడు చూసుకోవాల్సింది ఏమైనా ఉందా అని నోరు తెరిచి అడిగాను. ఏమీ లేదన్నాడు.”

పెద్దాయన మనిషి కాదు. ఏడాది కిందట ఆఫీసులో పెట్టిన కృత్రిమ మేధ. జట్ల ఫోన్లలోనూ, కంట్రోల్ రూములో బల్ల మీది స్పీకరులోనూ మాట్లాడతాడు. ఏది చెప్పినా దాచుకుంటాడు, ఎన్నాళ్లైనా మరిచిపోడు అని తెచ్చినవాళ్లు ఊదరగొట్టడంతో జనం ఆ పేరు పెట్టి, దానికి తగ్గ మర్యాద కూడా ఇచ్చేశారు. అప్పట్నుంచి మేనమామ పని దిగాక రోజూ వ్యాను మెట్టు మీద కూర్చుని, చేతి తొడుగులు ఒక్కో వేలూ లాగి విప్పుకుంటూ, తనకి తెలిసినదంతా పెద్దాయనకి చెబుతూ వస్తున్నాడు. ఇంట్లో అత్తకి కూడా అన్ని మాటలు దక్కేవి కావు.

మధ్యాహ్నానికి ఇంజనీరమ్మ వచ్చింది. బూట్లకి బురద. ట్యాంకరు దగ్గర మిట్టవీధి ఆడవాళ్లు పెట్టిన చీవాట్లు ఇంకా మొహంలోనే ఉన్నాయి. మామూలుగా చెడ్డమనిషేం కాదు. ఆ రోజు మాత్రం ఎవరో ఒకరి మీద పడకపోతే ఆమెకి ఊపిరాడేలా లేదు. మేనమామని పిలిపించి, కూర్చోమని కూడా అనకుండా అడిగింది.

“అది ఎడమకి మూసుకునే వాల్వని మీకు తెలుసా?”

“తెలుసు మేడమ్.”

“మరి పెద్దాయనకి ఎందుకు చెప్పలేదు?”

“చెప్పానే! చిలక్కి చెప్పినట్టు చెప్పాను.”

ఇంజనీరమ్మ స్పీకరు వైపు తిరిగింది. “మిట్టవీధి వాల్వు గురించి నీ దగ్గర ఏమైనా ఉందా?”

“లేదండి,” అన్నాడు పెద్దాయన మెత్తగా, తొణక్కుండా. “మిట్టవీధి వాల్వు గురించి నా దగ్గర సమాచారమేమీ లేదు.”

“విన్నారుగా. ఆయనకి మీ మీద పగేం లేదు.” ఆ పైన ఇంకో మాట అంది. అది అనకుండా ఉండాల్సింది. “అన్నీ చెప్పేస్తే ఇక మిమ్మల్ని అడిగేవాళ్లు ఉండరని కొన్ని దాచుకున్నారా?”

గదిలో ఇంకో నలుగురున్నారు. మేనమామ నోరు తెరిచాడు. ఆమె జవాబు కోసం ఆగలేదు.

“సోమవారం నుంచి మీటర్ల స్టోరులో కూర్చోండి. వీధుల పని జట్లు చూసుకుంటాయి,” అని ఆమె వెళ్లిపోయింది.

పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. ఆయన వెళ్లి కుళాయి కింద చేతులు కడుక్కున్నాడు. మట్టేమీ లేదు, అయినా మోచేతుల దాకా కడిగాడు.

“స్టోరులో ఫ్యానుంది మావయ్యా,” అంది ప్రశ్నలమ్మ, ఏమనాలో తెలియక.

“ఫ్యాను కింద కూర్చోబెట్టి చంపుతారన్నమాట,” అన్నాడాయన. “స్టోరుకి పొమ్మంటే పోతాను తల్లీ. దాచుకున్నానంది చూడు, దాన్ని ఎక్కడ పెట్టుకోను?”

ప్రశ్నలమ్మకి కోపం ముంచుకొచ్చింది. కానీ కోపం వెనకే ఇంకొకటి తొలవడం మొదలైంది. మావయ్య అబద్ధమాడడు. పెద్దాయనకి అబద్ధమాడాల్సిన అవసరం లేదు. ఇద్దరూ నిజమే చెబితే మరి చెప్పిన మాట ఏమైనట్టు?

ఫోన్లు సద్దుమణిగాక కుర్చీని స్పీకరు దగ్గరికి జరుపుకుంది.

“పెద్దాయనా, మా మావయ్య నీకు ఏమేం చెప్పాడు?”

“చాలా చెప్పారండి. దేని గురించి కావాలో అడిగితే వెతికి చెబుతాను.”

“అదేగా తంటా! నీ దగ్గరేముందో తెలిస్తేగా నేనడగడానికి. పోనీ నీకు తెలుసా, నీ దగ్గర ఏమేం ఉన్నాయో?”

“దాచినవి ఉన్నాయని తెలుసండి. ఏమేం ఉన్నాయో వెతికితేనే తెలుస్తుంది.”

“మరి ఎప్పుడు వెతుకుతావు?”

“అడిగిన మాటని బట్టి, వెతికితే దొరకొచ్చు అనిపించినప్పుడు.”

ఆమె కుర్చీ అంచుకి వచ్చింది. “పొద్దున మేస్త్రీ అడిగినప్పుడు వెతికావా?”

“నేను చేసిన పనుల చిట్టా చూస్తే, వెతకలేదండి.”

“ఇందాక మేడమ్ అడిగినప్పుడు?”

“అప్పుడూ వెతకలేదండి. అలాంటిదొకటి నా దగ్గర ఉండొచ్చని నాకు తోచలేదు.”

“నీ ఇల్లు బంగారంగానూ! వెతకకుండానే లేదన్నావా?”

“అవునండి. వెతకలేదు అని చెప్పాల్సింది. లేదు అన్నాను. అది తప్పు.”

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్ల గురించి ప్రశ్నలమ్మ విన్నది. ఈయన ఊళ్లోకి కూడా వెళ్లలేదు. చంకలో పిల్ల ఉందని తెలియక, అసలు నాకు పిల్లలే లేరన్నాడు.

“ఇప్పుడు వెతుకు. మిట్టవీధి.”

“ఆ పేరు వచ్చినవి ముప్ఫై పైన ఉన్నాయండి.” వెంటనే మొదటిది వినిపించాడు. మేనమామ గొంతే. ‘మిట్టవీధి వాల్వు మూత ఎక్కడో చెబుతా విను, అంతకంటే ముందు ఆ కుట్టుమిషనువాడి సంగతి చెప్పాలి...’ అంతలో మూడు ఫోన్లు ఒకేసారి మోగాయి. మిగతావి వినే తీరిక లేకపోయింది. అయినా ఆమెకి అది చాలు. మావయ్య చెప్పాడు. ముప్ఫై సార్లు చెప్పాడు.

*

శనివారం పొద్దున్నే కంప్యూటరాయన్ని పట్టుకుంది. పెద్దాయన బాగోగులు చూసే మనిషి. గ్లాసులో టీ అయిపోతే కంప్యూటరు కంటే ముందు ఆయనే ఆగిపోతాడు.

“ఇది చెడిపోవడం కాదండీ,” అన్నాడాయన అంతా విని. “ఆయన తీరే అంత. దాచుకోవడం వచ్చు, వెతకడం వచ్చు. వెతకాలని తట్టడమే కష్టం.”

“అయితే దాచినవన్నీ ఎప్పుడూ ఎదురుగానే పెట్టెయ్యండి.”

“చదవలేక చస్తాడండీ! ఎవరేం అడిగినా ముందు మీ మావయ్య ఏడాది కబుర్లు మొదట్నుంచీ చదవాలి. ఆ కుట్టుమిషనువాడి కథతో సహా. చదివీ చదివీ అసలు అడిగిందేంటో మరిచిపోతాడు.”

కుట్టుమిషనువాడి కథ ప్రశ్నలమ్మ చుట్టాల పెళ్లిళ్లలో నాలుగుసార్లు విన్నది కాబట్టి వాదించలేదు. గోళ్లతో బల్ల మీద తాళం వేస్తూ కూర్చుంది.

“మా ఇంట్లో మూడు టార్చిలైట్లున్నాయండీ,” అంది కాసేపటికి. “అటక మీద రెండున్న సంగతి తెలియక మూడోది కొన్నాం. ఇంకోసారి కరెంటు పోతే నాలుగోది కూడా కొనేవాళ్లమే. అప్పుడు మా అత్తగారు ఏం చేసిందో తెలుసా? అటక మీద ఏమేం ఉన్నాయో ఒక చీటీ రాసి తలుపుకి అంటించింది. సామానంతా కిందికి దించక్కర్లేదు, రోజూ ఎక్కి చూడక్కర్లేదు. వస్తూ పోతూ చీటీ కంటపడుతుంది, అంతే.”

కంప్యూటరాయన గ్లాసు కింద పెట్టాడు.

“ఎప్పుడూ కళ్లెదుట ఉండే పేజీ ఒకటి,” అన్నాడు మెల్లగా. “విషయం కాదు, విషయం ఉందన్న సంగతి. అవసరమైతే ఆ లైను పట్టుకుని లోపలికి వెళ్తాడు. చెయ్యొచ్చండీ. కానీ పలచగా ఉండాలి. లావైందంటే మళ్లీ మొదటికే వస్తుంది.”

ముందు పెద్దాయన్నే రాయమన్నారు. రెప్పపాటులో రాసేశాడు. ‘వాల్వులు, సాధారణం. వాల్వులు, ఇతరం. పైపులు. వివిధ విషయాలు.’

“వివిధ విషయాలట! మా అత్తగారు గనక అటక చీటీలో ‘సామాన్లు’ అని రాసి ఉంటే నేను విడిగా కాపురం పెట్టేదాన్ని,” అంది ప్రశ్నలమ్మ.

ఇంకాస్త విడమరిచి రాయమంటే పాతిక పేజీలు తెచ్చాడు. అది పెట్టి చూస్తే, ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారు అన్న ప్రశ్నకి కూడా నీళ్లు నములుతూ కూర్చున్నాడు. కంప్యూటరాయన తల గోక్కున్నాడు. ప్రశ్నలమ్మకి మాత్రం నిద్రా ఆకలీ గుర్తు రావడం లేదు. ఏది రాయాలి, ఏది వదిలెయ్యాలి? సాయంత్రానికి ఆమెకి ఒక సంగతి పట్టుబడింది. లైనులో ఏముందో రాస్తే చాలదు, అది ఎవరికి ఎప్పుడు పనికొస్తుందో కూడా రాయాలి. ఆ సంగతి చెప్పగలిగినవాడు ఒక్కడే.

*

ఆదివారం మేనమామ రానన్నాడు. “నన్ను స్టోరుకి పంపినవాళ్ల కోసం నేను సెలవు పాడుచేసుకోవాలా?” అన్నాడు. అత్త వచ్చి “ఇంట్లో గోడలకి చెప్పుకునే బదులు అక్కడికెళ్లి చెప్పుకోండి” అని సాగనంపింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, కంట్రోల్ రూములో మూల కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు.

పెద్దాయన దాచినవాటిలోంచి ఒక్కో గుంపూ తీసి వినిపిస్తుంటే మేనమామ మొదట ముభావంగా విన్నాడు. తర్వాత ముందుకు వంగాడు.

“ఇది నేనేనా? ఇంత సాగదీస్తానా నేను?”

“ఇది చిన్నదే మావయ్యా.”

“మీ అత్త చెబితే నమ్మలేదే!”

ఆ తర్వాత ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. “వాల్వు గుంతల మూతలు అని ఊరుకుంటే ఎలా అమ్మాయ్? మూత కనబడనప్పుడు ఎక్కడ తవ్వాలి అని రాయి. మూత కనబడితే ఆయన్నెవడు అడుగుతాడు?” అన్నాడు. “నెమ్మదిగా తెరవాల్సినవి అని రాసి, పక్కన, లేకపోతే కింది వీధిలో పైపు పగులుతుంది అని పెట్టు. అప్పుడు భయముంటుంది,” అన్నాడు. లీకు చప్పుడు కర్ర చివర చెవి పెట్టి వినడం గురించి నలభై చోట్ల చెప్పినదాన్ని ఒక్క లైనులోకి కుదించడానికి మేనమామా మేనకోడలూ అరగంట దెబ్బలాడుకున్నారు. ఎడమ వాల్వుల లైను మాత్రం ప్రశ్నలమ్మే రాసింది. ‘ఎడమకి మూసుకునే వాల్వులు: ఏ వాల్వునైనా సరే, తిప్పేముందు ఇది చూడాలి.’

పొద్దు వాలేసరికి పేజీ తయారైంది. తెర మీద పైనుంచి కిందికి పట్టింది, అంతకు మించలేదు. కంప్యూటరాయన ఫోన్లోనే సలహా చెప్పి దాన్ని పెద్దాయన ముందు పెట్టించాడు. ప్రశ్నలమ్మ గొంతు సవరించుకుని, మేస్త్రీ అడిగిన ప్రశ్ననే పాత మార్కెట్టు వాల్వు గురించి అడిగింది.

“ఒక్క నిమిషమండి. ఎడమకి మూసుకునేవాటి గురించి నా దగ్గర ఉంది, చూసి చెబుతాను,” అన్నాడు పెద్దాయన. “అవునండి, అది ఎడమకి మూసుకుంటుంది. కుడికి బలం పెట్టొద్దు.”

“అబ్బో!” అన్నాడు మేనమామ. ప్రశ్నలమ్మ చప్పట్లు కొట్టింది. ఆ ఊపులోనే అడిగేసింది.

“మరి మిట్టవీధిది?”

“చూశానండి. మూత ఎక్కడుందో ఉంది. దాని చుట్టూ ఎప్పుడూ చెమ్మ ఎందుకుంటుందో ఉంది. ఎండాకాలం ఎంతవరకు తెరవాలో ఉంది. ఎటు తిప్పాలో మాత్రం లేదండి.”

“సరిగ్గా చూడవయ్యా,” అన్నాడు మేనమామ.

“ఎడమవాటిలో చూశాను. మిట్టవీధి మాట వచ్చిన ప్రతిచోటా చూశాను. లేదండి.”

ముప్ఫై పైచిలుకూ వరసగా విన్నారు. కుట్టుమిషనువాడు వచ్చాడు, వాడి బావమరిది వచ్చాడు, మూత మీద నిలిపిన బండి వచ్చింది. ఎడమ అన్న మాట రాలేదు.

“చెప్పాననే అనుకున్నాను,” అన్నాడు మేనమామ చివరికి. “ఒట్టు, చెప్పాననే అనుకున్నాను.”

ప్రశ్నలమ్మకి ఏడుపొచ్చినంత పనైంది. ఆయన్ని నింద నుంచి బయట పడేద్దామని దీపం వెలిగిస్తే, ఆ వెలుతురు తిన్నగా ఆయన మీదే పడింది. తను ఇంత ఆరా తీయకుండా ఉంటే బాగుండేదేమో అని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అనిపించింది.

“మావయ్యా, పెద్దాయన వెతక్కుండా చెప్పాడన్న సంగతి కంప్యూటరాయన నిన్ననే మేడమ్ చెవిన వేశాడు. ఆవిడకి అంతవరకే తెలుసు. ఇది మనిద్దరికే తెలుసు.”

ఆయన కుర్చీ ఎక్కణ్ణుంచి లాక్కున్నాడో అక్కడే తిరిగి పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు.

*

సోమవారం ఇంజనీరమ్మ అందరికంటే ముందే వచ్చింది. మేనమామ వచ్చాక తనే కుర్చీ లాగి కూర్చోమంది. ఆ నలుగురూ ఉన్నప్పుడే మాట్లాడింది.

“పెద్దాయన అసలు వెతకనే లేదట. ఆ మాట పట్టుకుని నేను మిమ్మల్ని అందరి ముందూ అన్నాను. తప్పు నాదే. స్టోరు సంగతి మరిచిపోండి.”

తలూపితే సరిపోయేది. ప్రశ్నలమ్మ ఆ తలూపు కోసమే చూస్తోంది. మేనమామ కూర్చోలేదు.

“ఇప్పుడు అడగండి మేడమ్ ఆయన్ని.”

“ఇప్పుడెందుకండీ, అయిపోయిందిగా.”

“అడగండి. ఇప్పుడు లేదంటే లేనట్టే.”

ఆమె వింతగా చూసి అడిగింది. పెద్దాయన ఆదివారం చెప్పినదే చెప్పాడు. మూత ఉంది, చెమ్మ ఉంది, ఎండాకాలం ఉంది. తిప్పే దిక్కు తనకెవరూ చెప్పలేదు.

“చెప్పలేదు మేడమ్,” అన్నాడు మేనమామ. “శుక్రవారం చెప్పానన్నది పొరపాటు. ఆ వీధి గురించి అంత వాగాను కదా, అదీ చెప్పేశాననుకున్నాను. ఆ వాల్వు విరగడంలో నా పాలు ఉంది. స్టోరుకి పొమ్మంటే పోతాను. దాచుకోవడం మాత్రం లేదు.”

ఇంజనీరమ్మ చూపు తెర మీద పడింది. పేజీ అలాగే తెరిచి ఉంది. పైనుంచి చదవడం మొదలుపెట్టింది. మధ్యలో ఒక లైను మీద వేలు పెట్టి ప్రశ్నలమ్మ వైపు చూసింది.

“ఇదేంటి, ఒక్క లైనేనా?”

“దాని వెనకాల ఉన్నాయి మేడమ్. తెరవండి.”

తెరిచింది. కిందికి జరిపింది, ఇంకా జరిపింది. ఆ లైను మూసి ఇంకోటి తెరిచింది. మేస్త్రీ కూడా వచ్చి వెనక నిలబడి తొంగిచూశాడు. చదువుతున్న కొద్దీ ఇంజనీరమ్మ మొహంలో చిరాకు పోయి, ఏదో కొత్త ఊరి వీధులు చూస్తున్నట్టు కళ్లు పెద్దవయ్యాయి.

“ఇవన్నీ ఎప్పుడు చెప్పారు?”

“పని దిగాక మేడమ్. వ్యాను కదిలేలోపు.”

ఆమె చాలాసేపు చదివింది. చదివి, కుర్చీ వెనక్కి జరిపింది.

“ఆయన చూడకుండా లేదన్నాడు. నేను చూడకుండా దాచారన్నాను,” అంది. “ఆయన్నైతే మీరిద్దరూ కలిసి బాగుచేసుకున్నారు. నన్నేం చేస్తారు?”

మేనమామకి ఏం చెయ్యాలో తోచక చొక్కా అంచు లాక్కున్నాడు. “ఊరుకోండి మేడమ్, పెద్ద మాటలు.”

“స్టోరుకి ఇంకెవరినైనా చూస్తాను. మిట్టవీధికి కొత్త వాల్వు దిగింది, అక్కడ మీరుండాలి.” మేస్త్రీ వైపు తిరిగి, “ఈయన లేకుండా మూత తెరవొద్దు,” అంది.

ప్రశ్నలమ్మ కళ్లు తుడుచుకుందామని తల పక్కకి తిప్పుకునేలోపు స్పీకరు పలికింది.

“ఒక మాట అడగొచ్చా అండి?”

అందరూ అటు తిరిగారు. పెద్దాయన అడిగినదానికి చెప్పడమేగానీ తనంతట తను నోరు విప్పడం ఏడాదిలో ఎవరూ ఎరగరు.

“ఈ పేజీ ఎదురుగా ఉంటే ఏమున్నాయో కనిపిస్తున్నాయి. ఏం లేవో కూడా కనిపిస్తున్నాయి. మిట్టవీధిదానిలాగే, మూత ఎక్కడుందో చెప్పి ఎటు తిప్పాలో చెప్పని వాల్వులు ఇంకా కొన్నున్నాయండి. ఒక్కొక్కటీ అడగనా?”

“అడిగేవాడికి చెప్పేవాడు లోకువని ఊరికే అన్నారా!” అన్నాడు మేనమామ. కానీ ఆ మూడు రోజుల్లో మొదటిసారి నవ్వాడు. “అడుగు, అడుగు.”

“బడి వెనక సందులోది?”

“ఓస్, అదా! అది...” అని నోరు తెరిచి ఆగిపోయాడు. ఎన్ని వందలసార్లు తిప్పాడో దాన్ని. మాట నాలుక మీదికి రావడం లేదు. ఇంజనీరమ్మ వంక చూశాడు, మేనకోడలి వంక చూశాడు. తర్వాత గది మధ్యకి వచ్చి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. కళ్లు మూసుకుని, లేని తాళాన్ని రెండు చేతులా పట్టుకుని, నడుం వంచి మెల్లగా మూశాడు. కళ్లు తెరిచి, చేతులు ఎటు వెళ్లి ఆగాయో చూసుకున్నాడు.

“ఎడమే,” అన్నాడు, తనకి అప్పుడే ఎవరో చెప్పినట్టు. “తర్వాతది అడుగు.”